అనలాగ్ వైర్‌లెస్‌ను డిజిటల్‌కు మార్చడం: కొనేముందు కొలవాల్సినవి

మీ పరిస్థితి నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఆరు ఎత్తైన చోట్ల వీహెచ్‌ఎఫ్ (30 నుంచి 300 మెగాహెర్ట్జ్ మధ్య తరంగాలు) అనలాగ్ రిపీటర్లు, అంటే ఒక ఫ్రీక్వెన్సీలో విన్న మాటను ఇంకో ఫ్రీక్వెన్సీలో బలంగా తిరిగి పంపే పెట్టెలు, ఉన్నాయి. ఒక్కో చోట ఒక్కో ఫ్రీక్వెన్సీ జత, మొత్తం 400 దాకా సెట్లు. అంబులెన్సులు, అగ్నిమాపక సిబ్బంది, అటవీ గస్తీ, నీటి సరఫరా, కరెంటు లైన్ల వాళ్లు అందరూ దీన్నే పంచుకుంటున్నారు. పరికరాలు పాతబడ్డాయి, విడిభాగాలు దొరకడం లేదు. అమ్మకందారు వచ్చి, "అదే టవరు, అదే యాంటెన్నా ఉంచి రిపీటర్లు మాత్రం డీఎంఆర్ అనే డిజిటల్ ప్రమాణానివి పెట్టుకోండి. కెపాసిటీ రెట్టింపు, కవరేజీ మెరుగు, మాట స్పష్టం" అన్నాడు. ఏ ప్రమాణం ఎంచుకోవాలి, సర్వీసు ఆపకుండా ఎలా మారాలి, అనలాగ్‌ను పూర్తిగా తీసేయవచ్చా అని మీ ప్రశ్న.

ఆ మూడు హామీల్లో మొదటిది చాలావరకు నిజం, మూడోది సగం నిజం. రెండోదాన్ని కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి, ఏమంటాడో చూడండి.

అనలాగ్‌లో సిగ్నల్ తగ్గుతున్నకొద్దీ గరగర పెరుగుతుంది. ఇన్నేళ్లుగా మీ సిబ్బందికి సిగ్నల్ మీటర్ అదే. ఆ శబ్దం మొదలవగానే డ్రైవరు బండిని కాస్త ముందుకు తీస్తాడు, గార్డు గట్టు మీదికెక్కి మాట్లాడతాడు, కంట్రోల్ రూమ్ ఆపరేటరు చిరునామాను రెండోసారి చెప్పిస్తాడు. డిజిటల్‌లో ఎర్రర్ కరెక్షన్ ఆ గరగరను తుడిచేస్తుంది. అంచు దాకా మాట శుభ్రంగా వస్తుంది, ఆ తర్వాత కొద్ది డీబీల (సిగ్నల్ బలాన్ని పోల్చే కొలత; 10 డీబీ అంటే పది రెట్లు) తేడాలోనే రోబో గొంతులా విరిగిపోయి ఆగిపోతుంది. ముందస్తు హెచ్చరిక ఉండదు. అంటే ఆ శబ్దం ఇన్నాళ్లూ ఊరికే చేసిపెట్టిన పనిని ఇకపై మీరు కొలతలతో, రికార్డులతో చేయాలి. నేను కింద చెప్పేదంతా చాలావరకు ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది.

ముందు కవరేజీ. మంచి అనలాగ్ రిసీవరు 12 డీబీ సైనాడ్ (శబ్దంతో పోలిస్తే మాట ఎంత తేటగా ఉందో చెప్పే కొలత) దగ్గర సుమారు 0.25 మైక్రోవోల్టు, అంటే మైనస్ 119 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చిన బలం) సిగ్నల్‌ను పట్టుకుంటుంది. డీఎంఆర్ సెట్టు 5 శాతం బిట్ ఎర్రర్ రేటు (నూటికి ఐదు బిట్లు తప్పుగా రావడం) దగ్గర పట్టుకునేది కూడా ఇంచుమించు అంతే. యాంటెన్నా, ఎత్తు, పవరు మారనప్పుడు తరంగం వెళ్లే దూరం ఎందుకు మారుతుంది? మెరుగుపడేది అంచుకు కాస్త ముందున్న పట్టీ. అక్కడ ఇదివరకు గరగరతో వచ్చిన మాట ఇప్పుడు తేటగా వస్తుంది, అందుకే డెమోలో అందరూ మురిసిపోతారు. అంచు దాటాక మాత్రం కథ వేరు. చెవి అలవాటుపడిన ఆపరేటరు అనలాగ్ శబ్దంలోంచి ఒక పేరో, ఒక అంకెనో పట్టుకోగలడు. డిజిటల్‌లో పట్టుకోవడానికి ఏమీ మిగలదు.

పైగా పైన చెప్పిన అంకెలు టేబుల్ మీద, సిగ్నల్ జనరేటర్‌తో కొలిచినవి. కదిలే బండిలో సిగ్నల్ క్షణక్షణం ఎగిరి పడుతుంటుంది. దానికోసం 10 డీబీకి పైగా అదనపు మార్జిన్ వేసుకోవాలి. హ్యాండ్‌సెట్టు నడుముకు తగిలించుకుని, వైరున్న మైకుతో మాట్లాడేవాళ్లయితే శరీరం, పొట్టి యాంటెన్నా కలిసి మరో 10 డీబీ దాకా, వీహెచ్‌ఎఫ్‌లో ఒక్కోసారి ఇంకా ఎక్కువే మింగేస్తాయి. అమ్మకందారు చూపించే రంగుల మ్యాపు బండి పైకప్పు మీది యాంటెన్నాకు వేసిందా, నడుము మీది సెట్టుకు వేసిందా అన్నది మొదటి ప్రశ్నగా అడగండి. చాలాసార్లు గదిలో కాసేపు నిశ్శబ్దం అలుముకుంటుంది.

రెండో ప్రశ్న: ఆ మ్యాపు రిపీటరు నుంచి సెట్టుకా, సెట్టు నుంచి రిపీటరుకా? రిపీటరు 50 వాట్లు, హ్యాండ్‌సెట్టు 5 వాట్లు. తేడా 10 డీబీ. కాబట్టి అంచున ఉన్నవాడికి కంట్రోల్ రూమ్ మాట వినిపిస్తుంది, అతని మాట ఇటు చేరదు. అనలాగ్‌లో ఇలాంటి చోట "గరగరమంటోంది, చోటు మారు" అని చెప్పేవాళ్లు. డిజిటల్‌లో కంట్రోల్ రూమ్‌కు అతను పీటీటీ (మాట్లాడే బటన్) నొక్కినట్టే తెలియదు. ఈ లోటును పవరు పెంచి తీర్చలేం. అదనపు రిసీవర్లు పెట్టి మంచి సిగ్నల్‌ను ఎంచుకునే ఓటింగ్ పద్ధతి కావాలి, లేదా ఇంకో సైటు కావాలి. బడ్జెట్‌లో దీనికి చోటు లేకపోతే మిగతాదంతా పైపూతే.

మూడోది ఎవరూ కొలవరు గానీ, నా లెక్కలో అన్నిటికంటే లాభసాటి అదే: సైటు దగ్గరి నాయిస్. మీ రిపీటర్లు పెట్టిన రోజున ఆ టవరు చుట్టూ ఎల్‌ఈడీ దీపాలు, సోలార్ ఇన్వర్టర్లు, కెమెరాల పవర్ సప్లైలు, పక్క సంస్థల ట్రాన్స్‌మిటర్లు ఇన్ని ఉండి ఉండవు. వీహెచ్‌ఎఫ్‌కు వీటి బాధ ఎక్కువ. పరీక్ష సులభం. రిసీవరు దారిలో ఒక డైరెక్షనల్ కప్లర్ (పరీక్ష సిగ్నల్‌ను కేబుల్‌లోకి ఎక్కించే భాగం) పెట్టి బలహీనమైన సిగ్నల్ పంపండి. ముందు డమ్మీ లోడు (యాంటెన్నాకు బదులు పెట్టే రెసిస్టరు) తగిలించి సెన్సిటివిటీ చూడండి, తర్వాత యాంటెన్నా తగిలించి చూడండి. ఆ తర్వాత మీ ట్రాన్స్‌మిటర్ ఆన్ చేసి మళ్లీ చూడండి. తేడా 6 డీబీ వచ్చిందంటే మీ పొలిమేరలోని ప్రతి 5 వాట్ల సెట్టూ మీకు 1.25 వాట్ల సెట్టుగా వినిపిస్తోందన్నమాట. నీళ్లు దిగిన కేబుల్, తుప్పు పట్టిన క్లాంపు, ట్యూనింగ్ తప్పిన డ్యూప్లెక్సర్ (ఒకే యాంటెన్నా మీద పంపడం, వినడం వేరుచేసే ఫిల్టరు), పక్క ట్రాన్స్‌మిటర్ల ఇంటర్‌మాడ్యులేషన్ (సిగ్నళ్లు కలిసి పుట్టించే కొత్త అడ్డు సిగ్నళ్లు), ఇవన్నీ డిజిటల్ రిపీటర్‌కూ వారసత్వంగా వస్తాయి. కొన్ని చోట్ల ఇవి సరిచేస్తే సగం ఫిర్యాదులు అనలాగ్‌లోనే ఆగిపోతాయి. అదే జరిగితే మారే నిర్ణయాన్ని తొందర లేకుండా తీసుకోవచ్చు.

ఇక ప్రమాణం ఎంపిక. దీని మీద జనం గంటలు గంటలు వాదించుకుంటారు, మీ విషయంలో అంత వాదన అక్కర్లేదు. టెట్రా 25 కిలోహెర్ట్జ్‌లో 4 స్లాట్లు, అంటే ఒకే చానల్‌ను వంతులవారీగా పంచుకునే సమయపు ముక్కలు, ఇస్తుంది. దగ్గరదగ్గర సైట్లు, కిక్కిరిసిన ట్రాఫిక్ ఉన్న నగరాలకు, విమానాశ్రయాలకు, జాతీయ పోలీసు వ్యవస్థలకు బాగుంటుంది. ఎత్తైన చోట్ల నుంచి వీహెచ్‌ఎఫ్‌తో విశాలమైన, జనం పలచగా ఉన్న ప్రాంతాన్ని కప్పే మీ నమూనాకు అది సరిపోదు. సైట్ల సంఖ్య ఎన్నో రెట్లు పెరుగుతుంది. పీ25 అమెరికా అత్యవసర సేవల కోసం పుట్టింది, గట్టిది, ఖరీదు ఎక్కువ. చుట్టుపక్కల వ్యవస్థలు పీ25లో ఉంటే తప్ప దాని జోలికి వెళ్లను. ఐకామ్, కెన్‌వుడ్ కలిసి తెచ్చిన ఎన్‌ఎక్స్‌డీఎన్ 6.25 కిలోహెర్ట్జ్‌లో ఒక్కో చానల్‌గా పనిచేస్తుంది, సాంకేతికంగా మంచిదే. 2005లో ఐరోపా టెలికాం ప్రమాణాల సంస్థ ఈటీఎస్‌ఐ ప్రమాణంగా వచ్చిన డీఎంఆర్ 12.5 కిలోహెర్ట్జ్‌లో రెండు టైమ్ స్లాట్లు ఇస్తుంది. సెట్లు తయారుచేసే కంపెనీలు ఎక్కువ, ధర తక్కువ, మీ ఫ్రీక్వెన్సీ జతలు అలాగే వాడుకోవచ్చు. మీకు డీఎంఆర్ చాలు.

ఒక మెలిక ఉంది. ప్రమాణం గాలిలో వెళ్లే సిగ్నల్‌కే పూర్తిగా వర్తిస్తుంది. ఒక కంపెనీ రిపీటరుతో ఇంకో కంపెనీ సెట్టు మామూలు కాల్స్ మాట్లాడుతుంది. రిపీటర్లను ఐపీ మీద కలిపే పద్ధతి, జీపీఎస్ సందేశాలు, ఎన్‌క్రిప్షన్, ప్రత్యేక కంట్రోల్ చానల్ లేకుండా నడిచే ట్రంకింగ్ (ఖాళీగా ఉన్న చానల్‌ను వ్యవస్థే కాల్‌కు కేటాయించే పద్ధతి) రకాలు ఎక్కువగా ఎవరి సొంతం వాళ్లవే. "ఓపెన్ స్టాండర్డ్ కాబట్టి తర్వాత ఎవరి దగ్గరైనా కొనుక్కోవచ్చు" అనేది సెట్ల వరకే నమ్మండి. టెండరులో మీకు కావాల్సిన ఒక్కో ఫీచరూ రాసి, వేరే కంపెనీ సెట్టుతో చేసి చూపించమనండి.

కెపాసిటీ రెట్టింపు అన్న హామీలో చిక్కు ఇక్కడ ఉంది. ఒక్క రిపీటర్ వరకు రెండు స్లాట్లు, రెండు సంభాషణలు. నిజమే. అయితే ఆరు సైట్లను ఐపీతో కలిపి, అన్ని గ్రూపులూ అంతటా వినిపించాలని పెట్టారనుకోండి. నీటి సరఫరా మనిషి ఒక మూల పీటీటీ నొక్కగానే ఆరు రిపీటర్లలోనూ ఆ స్లాటు బిజీ అవుతుంది. అంటే ప్రాంతం మొత్తం మీద ఒక్కసారి రెండే సంభాషణలు. ఇప్పుడు మీకు ఆరు సైట్లలో ఆరు విడివిడి సంభాషణలు నడుస్తున్నాయి. రెట్టింపు అని తెచ్చుకున్నది మూడో వంతుకు పడిపోతుంది! మారిన మొదటి వారంలో "ఎప్పుడు నొక్కినా బిజీ టోనే" అనే గోలకు చాలాచోట్ల కారణం ఇదే.

మార్గం లేకపోలేదు. ఒక స్లాటును స్థానికంగా ఉంచండి, రెండోదాన్నే అంతటా కలపండి. ఎవరికి నిజంగా అన్ని సైట్లూ కావాలో కూర్చుని తేల్చండి. అంబులెన్సుకు కావాలి. పంపు ఆపరేటరుకు తన సైటు చాలు. మీ కంట్రోల్ రూమ్ రికార్డింగులుంటే బాగా రద్దీగా ఉన్న గంట తీసుకుని, ఏ చానల్ ఎంతసేపు నిండి ఉందో లెక్క తీయండి. ఈ పని కంపెనీకి అప్పగించకండి. ఎవరు ఎవరితో మాట్లాడాలి, ఎవరి మాట ఎవరికి అనవసరం అన్నది మీ ఆఫీసులో కూర్చునే తేలాలి. గ్రూపుల పట్టిక, ఐడీ నంబర్ల వరుస కూడా అప్పుడే రాసుకోండి. డీఎంఆర్‌లో ఐడీలు 1 నుంచి 1,67,76,415 దాకా ఉన్నాయి, పొదుపు చేయాల్సిన పని లేదు. శాఖకో వరుస కేటాయించి, పెరగడానికి ఖాళీలు వదలండి.

మరి ట్రంకింగ్, అంటే డీఎంఆర్‌లో టయర్ 3 అనే స్థాయి తీసుకుంటే? ఆలోచన మంచిదే గానీ అది ఒక స్లాటును కంట్రోల్ చానల్‌కు తీసేసుకుంటుంది. సైటుకు ఒకే రిపీటరు ఉంటే మాటలకు మిగిలేది ఒక్క స్లాటు. సైటుకు కనీసం రెండు రిపీటర్లు పెట్టగలిగి, అదనపు ఫ్రీక్వెన్సీలు దొరికితేనే దానివైపు చూడండి. అప్పుడు మాత్రం దాని లాభం అసలైనది: గ్రూపు సభ్యులు ఉన్న సైట్లలోనే కాల్ లేస్తుంది, మిగతా సైట్లు ఖాళీగా ఉంటాయి. ట్రంకింగ్ లేని టయర్ 2తో మొదలుపెట్టినా, సాఫ్ట్‌వేర్ లైసెన్సుతో టయర్ 3కి మారగల రిపీటర్లు, సెట్లు కొనడం తెలివైన పని.

అన్ని సైట్లలో ఒకే ఫ్రీక్వెన్సీ వాడే సైమల్‌కాస్ట్ గురించి కూడా ఎవరో ఒకరు ఊరిస్తారు. ఫ్రీక్వెన్సీలు ఆదా అవుతాయి, సెట్టు సైటు మారాల్సిన పని ఉండదు. కానీ డీఎంఆర్ సెకనుకు 4800 సింబల్స్ పంపుతుంది, ఒక్కో సింబల్ 208 మైక్రోసెకన్లు. రేడియో తరంగం కిలోమీటరుకు 3.3 మైక్రోసెకన్లు తీసుకుంటుంది. రెండు సైట్ల నుంచి వచ్చే దారుల్లో 15 కిలోమీటర్ల తేడా ఉంటే ఆలస్యం దాదాపు పావు సింబల్. రెండు సిగ్నళ్లూ సమాన బలంతో చేరేచోట అంత తేడా మాటను చెడగొడుతుంది. ఎత్తైన సైట్లు ఎంత దూరం కొడితే ఇలాంటి చోట్లు అంత ఎక్కువ. మీకు ఇప్పటికే ఆరు విడి జతలున్నాయి. రోమింగ్ పెట్టుకోండి, హాయిగా ఉంటుంది. రోమింగ్‌లో సెట్టు ఏ బలం దగ్గర పాత సైటును వదిలి కొత్తదాన్ని వెతకాలి అన్న సెట్టింగును మాత్రం ఫ్యాక్టరీ విలువతో వదిలేయకండి. రోడ్ల మీద తిరిగి సరిచూసుకోండి.

సైట్లను కలిపే లింకులకు వద్దాం. డీఎంఆర్ వాయిస్‌కు డేటా చాలా తక్కువ. వోకోడర్ (మాటను బిట్లుగా కుదించే భాగం) ఇచ్చేది ఎర్రర్ కరెక్షన్‌తో కలిపి సెకనుకు 3600 బిట్లు మాత్రమే. వేగం సమస్య కాదు, నిలకడే సమస్య. ప్యాకెట్లు ఆలస్యంగా, ముందువెనకలుగా వస్తే మాట మధ్యలో తెగుతుంది. వినేవాడు దాన్ని సిగ్నల్ లోపం అనుకుంటాడు, టెక్నీషియన్ యాంటెన్నా ఎక్కుతాడు, తప్పు ఎక్కడో రూటరులో ఉంటుంది. సొంత మైక్రోవేవ్ లింకు ఉత్తమం. మొబైల్ డేటా సిమ్‌ను బ్యాకప్‌గా పెట్టుకోవచ్చు, ప్రధాన లింకుగా వద్దు. తుపాను, వరద వచ్చిన రోజున అందరి ఫోన్లూ ఆ టవరు మీదే పడతాయి, మీకు వైర్‌లెస్ అత్యవసరమయ్యేదీ ఆ రోజే. భూస్థిర ఉపగ్రహ లింకులో ఒక్క వైపుకే 240 మిల్లీసెకన్ల ఆలస్యం తప్పదు. రిపీటరు దాన్ని భరిస్తుందో లేదో కంపెనీతో పరీక్ష చేయించుకోండి.

ప్రతి సైటులో ఒకసారి లింకు కేబుల్ పీకి చూడండి. రిపీటరు ఒంటరిగా స్థానిక కాల్స్ నడుపుతూ ఉండాలి, సెట్లకు ఆ సంగతి తెలియాలి. కొన్ని సెట్టింగుల్లో లింకు పోగానే సైటు మొత్తం మూగబోతుంది. అది కొన్నాక తెలియడం కంటే ముందే తెలియడం మేలు. బ్యాటరీ లెక్కలు కూడా మళ్లీ వేయండి. పాత అనలాగ్ రిపీటరు ఎవరూ మాట్లాడనప్పుడు చాలా తక్కువ కరెంటు తాగేది. ఇప్పుడు రూటరు, స్విచ్చి, మైక్రోవేవ్ రేడియో రోజంతా తాగుతూనే ఉంటాయి. పాత బ్యాటరీ బ్యాంకు మీద ఎన్ని గంటలు వచ్చేదో అందులో గణనీయంగా కోత పడుతుంది.

మీ ప్రశ్నలో లేనిది, నేనే అడుగుతున్నది ఒకటుంది: ప్రస్తుత చానళ్ల మీద మాట కాకుండా ఇంకేమైనా వెళుతోందా? ట్యాంకుల నీటిమట్టం పంపే 1200 బాడ్ మోడెమ్, ఐదు టోన్లతో ఒక్క సెట్టునే పిలిచే సెల్‌కాల్, పేజర్ల అలర్టు, సైరన్ మోగించే టోన్లు. డీఎంఆర్‌లోని ఏఎంబీఈ ప్లస్ 2 వోకోడర్ మనిషి గొంతు కోసమే తయారైంది. మోడెమ్ చప్పుడును దానిలోంచి పంపిస్తే అవతల పనికిమాలిన శబ్దం వస్తుంది. ఎప్పుడో ఎవరో బిగించి మరిచిపోయిన పంపుహౌస్ టెలిమెట్రీ, మార్పిడి రోజునే గుర్తొస్తుంది. కాబట్టి ప్రతి సైటు రిసీవరు దగ్గర కొన్ని రోజులపాటు ఆడియో రికార్డు చేసి వినండి. మాట కానిది ఏది వినిపించినా దాని యజమాని ఎవరో తేల్చి, దానికి వేరే దారి చూపించాకే ముందుకు వెళ్లండి.

అనలాగ్‌ను పూర్తిగా తీసేయవచ్చా అన్నదానికి జవాబు: రిపీటర్లలో తీసేయవచ్చు, అగ్నిమాపక సిబ్బంది ఘటనా స్థలంలో సెట్టు నుంచి సెట్టుకు నేరుగా మాట్లాడుకునే చానల్‌లో తీసేయకండి. వోకోడర్ ఇక్కడే తడబడుతుంది. చుట్టూ పంపు మోత, కోత రంపం, ముసుగులోంచి శ్వాస, గాలి తగ్గిందని కొట్టే అలారం ఉంటే అది ఏది మాటో తేల్చుకోలేక మొత్తాన్ని గజిబిజి చేస్తుంది. అమెరికాలో ప్రభుత్వ టెలికాం సంస్థ ఎన్‌టీఐఏ 2008లో ఇలాంటి శబ్దాల మధ్య అనలాగ్, డిజిటల్ రేడియోలను పోల్చి చూసినప్పుడు కొన్ని శబ్దాల్లో అనలాగే మెరుగ్గా అర్థమైంది. ఆ తర్వాత సెట్లలో నాయిస్ తగ్గించే సాఫ్ట్‌వేర్ బాగా మెరుగైంది, కాదనను. అయినా మీ వాళ్ల సొంత పంపు పక్కన, సొంత ముసుగు పెట్టుకుని, సొంత సెట్టుతో వరుసకు కొన్ని పదాలు చదివించి, అవతలివాళ్లతో రాయించి చూడండి. ఫలితం మీ చేతిలో ఉన్నాక ఎవరి బ్రోషరూ అవసరం లేదు. పొరుగు ప్రాంతాలతో పరస్పర సాయానికి ఏ చానల్ వాడుతున్నారో అది కూడా అనలాగ్‌లోనే ఉంచండి, వాళ్లు మారేదాకా.

భద్రత గురించి. డిజిటల్ అంటే రహస్యం అని చాలామంది అనుకుంటారు. కాదు. ఎన్‌క్రిప్షన్ లేని డీఎంఆర్‌ను చవక సెట్టుతో ఎవరైనా వినవచ్చు. కలర్ కోడు (రిపీటరును వేరుచేసే చిన్న సంఖ్య), గ్రూపు నంబరు తెలిస్తే మాట్లాడవచ్చు కూడా. ఐడీ నంబరును ఎవరైనా తమ సెట్టులో వేసుకోగలరు, కాబట్టి అది గుర్తింపు పత్రం కాదు. అంబులెన్సులో రోగి వివరాలు వెళతాయి గనక ఆ గ్రూపుకు ఏఈఎస్-256 అనే గట్టి ఎన్‌క్రిప్షన్ తీసుకోండి. "బేసిక్ ప్రైవసీ" అని పెట్టెతో పాటు ఊరికే వచ్చేదాన్ని లెక్కలో వేసుకోకండి. 2023లో టెట్రా వ్యవస్థల్లో వాడే టీఈఏ1 ఎన్‌క్రిప్షన్ అల్గారిథమ్ అసలు బలం 32 బిట్లకు కుదించి ఉందని నెదర్లాండ్స్ పరిశోధకులు బయటపెట్టారు. పెద్దపెద్ద వ్యవస్థలు దశాబ్దాలుగా దాన్ని నమ్ముకుని ఉన్నాయి. రహస్యంగా దాచిన అల్గారిథమ్ కంటే అందరూ పరీక్షించినదే నయం. అన్నట్టు, కీలు ఎవరి దగ్గర ఉంటాయి, సెట్టు పోతే ఎవరు మారుస్తారు అన్నది రాసిపెట్టుకోకుండా ఎన్‌క్రిప్షన్ ఆన్ చేయకండి. తప్పు కీ ఉన్న సెట్టు అత్యవసరంలో మూగసెట్టే.

మారే పద్ధతికి వద్దాం. సైటు తర్వాత సైటు మార్చుకుంటూ పోవడం కాగితం మీద అందంగా కనిపిస్తుంది. నేను వద్దంటాను. అంబులెన్సు ఒక ప్రయాణంలో మూడు సైట్లు దాటుతుంది. దారి మధ్యలో డ్రైవరు అనలాగ్ నుంచి డిజిటల్‌కు నాబ్ తిప్పుకోవాలంటే గందరగోళం ఖాయం. శాఖల వారీగా మార్చండి.

దానికి వరుస ఇలా ఉంటుంది. ముందు అనలాగ్, డిజిటల్ రెండూ పలికే సెట్లు కొని, అందరికీ అనలాగ్ చానళ్లతోనే ఇచ్చేయండి. జనం కొత్త సెట్టు బటన్లకు, బ్యాటరీకి అలవాటుపడతారు, వ్యవస్థలో ఏదీ మారదు. ఈలోగా లింకులు, కరెంటు, యాంటెన్నా పనులు పూర్తి చేయండి. తర్వాత తాత్కాలికంగా అదనపు ఫ్రీక్వెన్సీ జతలు తీసుకుని డిజిటల్ నెట్‌వర్క్‌ను పాతదాని పక్కనే నిలబెట్టండి. లైసెన్సు సంగతి అప్పుడు కాదు, మొదట్లోనే మొదలుపెట్టండి. ఫ్రీక్వెన్సీ అదే అయినా ఎమిషన్ కోడు (సిగ్నల్ వెడల్పు, రకం చెప్పే గుర్తు) మారుతుంది. అనలాగ్ మాటకు 11కే0ఎఫ్3ఈ అని ఉన్నచోట డీఎంఆర్‌కు 7కే60ఎఫ్‌ఎక్స్‌ఈ లాంటిది చేర్పించుకోవాలి. కంట్రోల్ రూమ్ కన్సోల్‌లో పాత చానల్, కొత్త గ్రూపు రెండింటినీ ప్యాచ్ చేస్తే, అంటే ఒకదానికొకటి కలిపితే, ఎటువైపు ఉన్నవాళ్లకైనా మాట వినిపిస్తుంది.

మొదట మార్చాల్సింది తక్కువ ప్రమాదమున్న, రోజంతా బాగా మాట్లాడే శాఖను. నీటి సరఫరా, కరెంటు లైన్ల వాళ్లు సరిగ్గా సరిపోతారు. వాళ్లు మారుమూలలకు వెళతారు, లోపాలు త్వరగా బయటపెడతారు, నిర్మొహమాటంగా తిడతారు. అంబులెన్సులు, అగ్నిమాపకం చివర్లో. ఒకే రిపీటరు అనలాగ్, డిజిటల్ రెండూ పలికే మిక్స్‌డ్ మోడ్ ఉందని అమ్మకందారు చెబుతాడు. అదనపు ఫ్రీక్వెన్సీలు దొరక్కపోతే పనికొస్తుంది గానీ, అనలాగ్ కాల్ నడుస్తున్నంతసేపూ రెండు స్లాట్లూ ఆగిపోతాయి. దాని మీద ఏళ్ల తరబడి బతకకండి.

శిక్షణకు ఒక పూట చాలు, కానీ చేతిలో సెట్టు పెట్టి చేయండి. పీటీటీ నొక్కి బీప్ వచ్చాకే మాట్లాడాలి, లేకపోతే మొదటి అక్షరాలు పోతాయి. మైకులోకి అరవకూడదు, వోకోడర్‌కు అరుపు పడదు. ఒకే గ్రూపులో రెండు సెట్లు పక్కపక్కన ఉంటే ఒకదాని స్పీకరు మాట ఆలస్యంగా రెండోదాని మైకులోకి దూరి కూత పెడుతుంది, వాల్యూమ్ తగ్గించుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం: నిశ్శబ్దంగా ఉందంటే అంతా బాగున్నట్టు కాదు. కవరేజీ బయటికి పోగానే సెట్టు టోన్ ఇచ్చేలా ప్రోగ్రామ్ చేయించండి. పాత గరగర చేసిన పనిలో కొంతైనా ఆ టోన్ చేస్తుంది.

ఇవన్నీ ఎందుకు, మొబైల్ నెట్‌వర్క్ మీద పుష్-టు-టాక్ పెట్టుకోవచ్చు కదా అని మీ కమిటీలో ఎవరో అనే ఉంటారు. రోజువారీ ఆఫీసు పనులకు పెట్టుకోండి, బాగుంటుంది. ప్రాణాల మీదికొచ్చే పనికి మాత్రం బ్రిటన్ అనుభవం చూడండి. టెట్రా ఆధారిత ఎయిర్‌వేవ్ రేడియో నెట్‌వర్క్ స్థానంలో 4జీ మీద అత్యవసర సేవల నెట్‌వర్క్ తేవడానికి 2015లో ఒప్పందాలు చేసుకున్నారు, ఈ దశాబ్దం మొదలయ్యేలోపే పాతదాన్ని ఆపేయాలనుకున్నారు. ఆ గడువు దాటి ఏళ్లు గడిచినా ఎయిర్‌వేవ్‌ను ఆపలేకపోయారు. అంత పెద్ద దేశానికే కుదరనిది అని కాదు, టవరు లేనిచోట సెట్టు నుంచి సెట్టుకు మాట్లాడుకునే సౌకర్యం ఫోన్లలో ఇంకా రేడియో స్థాయికి రాలేదు.

కాంట్రాక్టులో రెండు విషయాల దగ్గర గట్టిగా కూర్చోండి. మొదటిది కవరేజీ అంగీకార పరీక్ష. ప్రాంతాన్ని గళ్లుగా విడగొట్టి, 95 శాతం గళ్లలో నడుముకు కట్టిన హ్యాండ్‌సెట్టుతో, రెండు వైపులా, డీఏక్యూ (విన్న మాట నాణ్యతకు 5కి వేసే మార్కు) 3.4 రావాలి అని రాయండి. అంటే మాట అర్థం కావాలి, మళ్లీ చెప్పించుకోవాల్సిన అవసరం అరుదుగా మాత్రమే రావాలి. గళ్లను ఎంచేది మీరు, తిరిగేటప్పుడు బండిలో మీ మనిషి ఉండాలి, ఫెయిలైతే సరిచేసే ఖర్చు వాళ్లది. రెండోది, ప్రోగ్రామింగ్ ఫైళ్లు, వాటి పాస్‌వర్డులు, సాఫ్ట్‌వేర్, రిపీటర్ల సెట్టింగులు అన్నీ మీ ఆస్తి అని రాయించుకోండి. ఈ ఒక్క వాక్యం లేక, ఒక గ్రూపు పేరు మార్చడానికి కూడా కంపెనీ మనిషి కోసం ఎదురుచూసే సంస్థలున్నాయి.

నడక మొదలయ్యాక రిపీటర్ల నుంచి మూడు అంకెలు రోజూ పోగుచేయండి: ఒక్కో ఐడీ ఎంత బలంతో వస్తోంది, బిట్ ఎర్రర్ ఎంత, లింకులో ప్యాకెట్లు ఎన్ని పోతున్నాయి. జీపీఎస్ ఉన్న సెట్లయితే సిగ్నల్ బలాన్ని స్థలంతో కలిపి మ్యాపు మీద వేసుకోవచ్చు. ఒక సైటుకు వచ్చే సెట్లన్నీ కలిసికట్టుగా 4 డీబీ తగ్గాయంటే యాంటెన్నాకో కేబుల్‌కో ఏదో అయింది. ఇది అనలాగ్‌లో గరగర రూపంలో ఎవరో ఒకరు మీకు ఫోన్ చేసి చెప్పేవాళ్లు. ఇప్పుడు మాట పూర్తిగా ఆగేదాకా ఎవరూ ఫోన్ చేయరు.

పాత రిపీటర్లను ఆపే తేదీని ముందే ప్రకటించకండి. మీ ప్రాంతంలో వాతావరణం అతి కఠినంగా ఉండే కాలం ఒకటి డిజిటల్ మీద గడవనివ్వండి. చివరి శాఖ మారాక పాత చానళ్లను కొంతకాలం వినడానికి మాత్రం ఆన్‌లో ఉంచండి. ఎవరో ఒకరు మారని సెట్టుతో ఏదో మూల నుంచి పిలుస్తారు. ఆ పిలుపులు ఆగాక తాత్కాలిక జతలను లైసెన్సు శాఖకు తిరిగి ఇచ్చేయండి. సెట్టు నుంచి సెట్టుకు నేరుగా మాట్లాడుకునే అనలాగ్ సింప్లెక్స్ చానల్‌నూ పరస్పర సాయం చానల్‌నూ మాత్రం లైసెన్సులోంచి తీసేయనివ్వకండి, ఒకసారి వదులుకుంటే మళ్లీ రాబట్టుకోవడం కష్టం.